ఇవాళ ఏం కూర?

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు మెస్సు సాంబారు మీద ఒక హాస్యవ్యాసం రాస్తానని మాటిచ్చాను. నాలుగు పేజీలు రాశాను కూడా. ఆ కాగితాలు భద్రంగానే వున్నాయి. సాంబారు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడూ ఇలాగే వుంటుంది కాబట్టి అప్పుడు అచ్చు వేసుకోవచ్చు. ఈలోగా హాస్టల్లో ఒక చిన్న సంగతి జరిగి నా కలాన్ని ఇటు తిప్పింది.

పోయిన వర్షాకాలంలో మా వరండా చివరి గది మిత్రుడు రెండు రోజులు కనపడలేదు. ఊరెళ్ళాడనుకున్నాం. మూడోనాడు పొద్దున్న చూస్తే అతని చెప్పులు గది బయటే వున్నాయి. తలుపు కొట్టాను. "బాగానే వున్నాలేరా, కాస్త పడుకున్నా" అని లోపలి నుంచి జవాబొచ్చింది. నాతో వున్న ఇద్దరూ "బాగానే వున్నాడటగా, పద, క్లాసుకి టైమవుతోంది" అన్నారు. ఆ మాటకు ఈ హాస్టల్లో నేను భయపడినంతగా ఎవరూ భయపడరు. "రాత్రి ఏం కూర తిన్నావో చెప్పు" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తరువాత "గుర్తు లేదురా" అన్నాడు. తలుపు తీయించాం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. డెంగీ అని తేలింది. ఆరు రోజులు ఆసుపత్రిలో వుండి వచ్చి ఇప్పుడు నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాడు.

"అంతమంది వుండగా నీకే ఎందుకు అనుమానం వచ్చింది? కూర సంగతి అడగమని ఏ డాక్టరు చెప్పాడు?" అని తరువాత అందరూ నన్ను నిలదీశారు. డాక్టరెవరూ చెప్పలేదు. అది మా అమ్మ చెప్పింది. కొంచెం ఆలస్యంగా చెప్పింది, లేదా నేనే ఆలస్యంగా విన్నాను.

మాది తెనాలి. వీధి మొదట్లో మా నాన్న కిరాణా కొట్టు, కొట్టు వెనకాలే ఇల్లు. వీధి మొత్తం మీద ఇరవై రెండు ఇళ్ళు. అందులో తొమ్మిదింట్లో ముసలివాళ్ళే వుంటారు. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, డల్లాసు. అదేం విశేషం కాదు, మా వైపు ఏ వీధి చూసినా ఇంచుమించు ఇంతే.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలోకి వచ్చి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ అని ప్రకటించారు. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. అంతకు ముందే హాస్టలు మూసేస్తే పెట్టె, పరుపుచుట్టతో సహా ఇంట్లో వచ్చి పడ్డాను. కొట్టు పొద్దున్నపూట కాసేపే తెరవాలి, జనం గుమిగూడకూడదు. అందుకని నాన్న ఒక ఏర్పాటు చేశారు. ఎవరికేం కావాలో చీటీ రాసి గుమ్మంలో పెడితే నేను వెళ్ళి తీసుకురావాలి, సరుకులు కట్టి మళ్ళీ నేనే ఆ గుమ్మంలో పెట్టి రావాలి. ఆ విధంగా నేను వీధి మొత్తానికి రాయబారినయ్యాను. పోలీసులు ఆపితే చూపించడానికి నాన్న నా మెడలో కొట్టు పేరున్న అట్టముక్క ఒకటి కట్టారు. దాన్ని చూసి పోలీసులు నవ్వేవారు తప్ప ఎప్పుడూ కొట్టలేదు.

చీటీలన్నీ ముందు అమ్మ చదివేది. సరుకులు కట్టడానికి చదువుతోందనే అనుకునేవాణ్ణి. కాదు. ఆవిడ వాటిని ఉత్తరాల్లా చదివేది. "ఎదురింటి పిన్నిగారు మినపగుళ్ళు రాయలేదు, రుబ్బే ఓపిక లేదు కాబోలు." "వీళ్ళు రెండోసారి ఉప్మారవ్వ తీసుకున్నారు, వంట మానేసినట్టున్నారు." "మూలింటి మామ్మగారు కాఫీపొడి రాయలేదేమిటి? ఆవిడ అన్నం మానేస్తుంది గాని కాఫీ మానదే." వెళ్ళి కనుక్కుంటే మామ్మగారి దగ్గర డబ్బులు అయిపోయాయి. ఏటీఎంకి వెళ్ళలేదు, అప్పు అడగలేదు, అందుకని కాఫీ మానేసింది. నాన్న ఆవిడ పేర కొత్త పద్దు తెరిచారు.

సగ్గుబియ్యం గానీ బ్రెడ్డు గానీ రాసిన ఇంట్లో జ్వరం వున్నట్టు లెక్క. మనవాళ్ళు ఒంట్లో బాగుంటే బ్రెడ్డు ఎందుకు తింటారు చెప్పండి!

ఏప్రిల్ 5 ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు పెట్టమన్నారు గుర్తుందా? మా వీధిలో కరెంటు దీపాలన్నీ ఆరిపోయి ప్రమిదలు వెలిగాయి. ఆ తొమ్మిది నిమిషాల్లో అందరూ మొక్కుకున్నారో, ఫోటోలు తీసుకున్నారో గాని, అమ్మ మాత్రం అరుగు మీద నిలబడి దీపాలు లెక్కపెట్టింది. "లెక్కల మాష్టారింట్లో దీపం లేదు. వెళ్ళి చూసి రా" అంది. పరుగెత్తాను. మాష్టారు మేడ మీద పడక్కుర్చీలో చీకట్లో కూర్చుని వున్నారు. "దీపానికీ క్రిమికీ సంబంధం ఏమిటో సూత్రం చెప్పు, వెలిగిస్తాను" అన్నారు. ఆయన అలాంటి మనిషి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి ఆరేళ్ళు. కొడుకు డల్లాసులో. మేడ మీది నుంచి తాడు కట్టిన సంచీ కిందికి దించేవారు. అందులో చీటీ వుండేది. చీటీకి కుడిచేతి పైమూలన తేదీ, ప్రతి వస్తువుకూ వరస అంకె, అడుగున గీత కొట్టి "మొత్తం 9 వస్తువులు" అని మొత్తం. ఆ చీటీలు చూసి నాన్న మురిసిపోయేవారు. "మన కొట్లో బిల్లులు కూడా ఇంత శుభ్రంగా వుండవురా" అనేవారు.

2020లో నేను చేసిన పాడుపని ఒకటి వుంది, అది కూడా రాయాలి. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో సుమారు యాభై ఇళ్ళకు ఒక వాలంటీరు వుండేవారు. 2019 ఆగస్టు 15న మొదలైన ఏర్పాటది. మా వీధికి వచ్చే అమ్మాయికి నాకంటే రెండేళ్ళు ఎక్కువేమో. ఎండలో గుడ్డమాస్కు కట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని, ఇంటింటి గేటు దగ్గరా నిలబడి "ఆంటీ, జ్వరం, దగ్గు ఎవరికైనా వున్నాయా?" అని అడిగేది. ఇరవై రెండు ఇళ్ళ నుంచీ ఒకటే జవాబు. "ఎవరికీ లేవమ్మా, అందరం బాగానే వున్నాం." వుందంటే ఏమవుతుందో అందరూ పక్క వీధిలో చూశారు మరి. వీధికి అడ్డంగా సరుగుడు బాదులు కట్టేశారు, బ్లీచింగు చల్లారు, ఇంట్లోవాళ్ళందర్నీ వ్యానెక్కించారు. ఆ అమ్మాయి తప్పేం లేదు. అడగవలసింది అడిగేది, చెప్పింది రాసుకునేది.

జూలైలో మా వీధి మధ్యన కుట్టుమిషను అక్క వాళ్ళింటి నుంచి చీటీ వచ్చింది. రెండు బ్రెడ్డు ప్యాకెట్లు, సగ్గుబియ్యం, గ్లూకోజు. నాకు అర్థమైపోయింది. అర్థమైనది నాలో దాచుకోలేక పక్కింటి కుర్రాడితో అన్నాను. పాపం, వాడూ ఒక్కరితోనే అన్నాడట. సాయంకాలానికి పాలబ్బాయి ఆ ఇల్లు దాటుకుని పోయాడు. మంచినీళ్ళ డబ్బాలతను సందు మలుపులోనే డబ్బా దింపేసి వెళ్ళాడు. మామూలుగా ఆ అరుగు మీదే జాకెట్టు కొలతలకు కూర్చునే ఆడవాళ్ళు ఆ వైపు నడవడం మానేశారు. అయిదు రోజుల తరువాత ఫలితం వచ్చింది, కరోనా లేదు. ఆవిడ కొడుక్కి టైఫాయిడ్. కానీ ఆవిడ ఆ తరువాత చాలా నెలలు మా కొట్టుకు రాలేదు, సరుకులు దూరపు కొట్టు నుంచి తెచ్చుకునేది. నాన్న నన్ను తిట్టలేదు. "కొట్లో తెలిసింది కొట్లోనే వుండాలి" అని ఊరుకున్నారు. తిట్టి వుంటే బాగుండేది.

ఆ సంగతి విని మూలింటి మామ్మగారు, ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు, తన చిన్నప్పటి మాట ఒకటి చెప్పింది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారట. చూసినవాడు లోపలికి రాడు. రాడు గాని, అరుగు చివర చల్లముంతో, నాలుగు లేత కొబ్బరిబొండాలో పెట్టి, "పెట్టానమ్మోయ్" అని కేకేసి పోయేవాడట. "వేపమండలు వెలెయ్యడానిక్కాదురా, చెప్పడానికి. చెప్పుకోడానికి సిగ్గుండేది కాదు" అంది. మామ్మగారు కాస్త బంగారుపూత పూసి చెప్పిందేమో నాకు తెలియదు. మశూచికి భయపడి ఊళ్ళకు ఊళ్ళు వదిలి పోయినవాళ్ళ కథలూ వున్నాయి కదా. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. వేపమండలు కట్టే చేతులు ఇంకా వున్నాయి గాని, ఈసారి గుమ్మానికి ఏమీ కట్టలేదు. తలుపులు వేసుకున్నారు.

ఇక 2021. దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, మీలో చాలామంది ఇళ్ళలో ఆ ఏడాది ఒక ఫోటోకు దండ పడే వుంటుంది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఈసారి గుమ్మాల దగ్గరికి కూడా వెళ్ళకుండా వీలైనంతవరకు ఫోన్లోనే కనుక్కోవాలనుకున్నాను. ఒక నోటుబుక్కు కొన్నాను. నిలువుగా ఇళ్ళు, అడ్డంగా తేదీలు. పొద్దున్నే తొమ్మిది ఇళ్ళకూ ఫోను చేసి "ఎలా వున్నారండీ?" అని అడగడం, "బాగానే వున్నాం నాయనా" అంటే టిక్కు పెట్టడం. పది నిమిషాల్లో తొమ్మిది టిక్కులు అయిపోయేవి. నాకు ఆ నోటుబుక్కంటే చాలా గర్వంగా వుండేది. ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెడితే నలభైమంది మెచ్చుకున్నారు.

వీధంతా చందా వేసుకుని ఆక్సీమీటరు ఒకటి కొన్నాం. వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పరికరం. 94కి తగ్గితే జాగ్రత్తపడాలన్నారు. దాని సూత్రాన్ని 1970లలో కనిపెట్టిన జపాను ఇంజినీరు టకువో అవోయాగి సరిగ్గా 2020 ఏప్రిల్‌లోనే, ప్రపంచమంతా ఆ పరికరం కోసం ఎగబడుతున్న రోజుల్లో కన్నుమూశాడు. మాకు వున్నది ఒక్కటే పరికరం. శానిటైజరుతో తుడిచి ప్లాస్టిక్ సంచీలో వేసి ఎవరికి ఎక్కువ అనుమానంగా వుంటే వాళ్ళింటికి పంపేవాళ్ళం.

మే రెండో వారంలో లెక్కల మాష్టారికి పాజిటివ్ వచ్చింది. మొదటి డోసు టీకా వేయించుకున్నారు, రెండోది ఇంకా పడలేదు. జ్వరం తక్కువే. మందుల కిట్టు ఇచ్చి ఇంట్లోనే వుండమన్నారు. అమ్మ క్యారేజీ పంపేది, సంచీలో పెడితే పైకి లాక్కునేవారు. ఆరో రోజు జ్వరం కూడా తగ్గింది. ఆ రోజు చీటీ దించారు. నేను సరుకులు కడుతుంటే ఒకచోట ఆగాను. అడుగున "మొత్తం 7" అని వుంది. పైన వున్నవి ఆరే. ఏదో మరిచిపోయారనుకుని ఫోను చేశాను.

"మాష్టారూ, ఏడోది ఏమిటండీ?"

"నువ్వే చూసి వెయ్యి నాయనా."

"ఒంట్లో ఎలా వుందండీ?"

"బాగానే వున్నాను."

టిక్కు పెట్టాను.

మర్నాడు పొద్దున్న చీటీలు తీగకు గుచ్చుతూ అమ్మ ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇదెప్పటిది?" అంది. నిన్నటిదన్నాను. "తేదీ లేదు. మూడు అంకె రెండుసార్లు వేశారు. మొత్తం తప్పింది. లెక్కల మాష్టారు లెక్క తప్పితే నీకేమీ అనిపించలేదట్రా?" నేను జవాబు చెప్పలేదు. అప్పటికే ఆవిడ ఆక్సీమీటరు ఎవరింట్లో వుందో వెతుకుతోంది.

మాస్కు మీద మాస్కు పెట్టుకుని మేడెక్కాను. మాష్టారు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. నిజంగానే చదువుతున్నారు, నన్ను చూసి కళ్ళజోడు తీశారు. ఆయాసం లేదు. పెదాలు మాత్రం నేరేడుపండు తిన్నట్టు వున్నాయి. వేలికి పెడితే 81. పరికరం పాడైందేమోనని నా వేలికి పెట్టుకున్నాను, 98. మళ్ళీ ఆయన వేలికి పెట్టాను. 81. "ఎందుకు నాయనా ఈ హడావుడి, బాగానే వున్నాను కదా" అన్నారాయన.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నేను తరువాత చదివి తెలుసుకున్నాను. మనిషికి ఊపిరాడనట్టు అనిపించేది ముఖ్యంగా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడట, ప్రాణవాయువు తగ్గినప్పుడు కాదు. ఈ జబ్బులో చాలామందికి ఊపిరితిత్తులు ఆ వాయువును బయటికి పంపుతూనే వుండేవి, ప్రాణవాయువు మాత్రం లోపలికి అందేది కాదు. అందుకని మనిషి మునిగిపోతున్నా మునుగుతున్నట్టు అతనికే తెలియదు. మెదడు మాత్రం తడబడుతుంది. లెక్క తప్పుతుంది.

108కి ఫోను చేశాం. బండి రావడానికి కొన్ని గంటలు, మంచం దొరకడానికి మరికొన్ని గంటలు. బోర్లా పడుకోబెట్టమని ఎవరో డాక్టరు ఫోన్లో చెబితే ఆయన్ను బోర్లా పడుకోబెట్టి, అమ్మ దిండ్లు సర్దింది. డల్లాసు నుంచి కొడుకు వీడియోలో చూస్తూనే వున్నాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాష్టారు నన్ను పిలిచి, "చీటీలో లెక్క తప్పిందట కదా, మీ అమ్మ చెప్పింది. ఏడోది అగ్గిపెట్టె" అన్నారు.

పదకొండో రోజున పోయారు. మళ్ళీ మా వీధికి తీసుకురాలేదు. ఒక రోజు ముందు తెచ్చి వుంటే బతికేవారా అని అక్కడి డాక్టరుని ఫోన్లో అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "చెప్పలేం బాబూ" అన్నాడు. ఈ నాలుగైదేళ్ళలో ఆ మాటను నేను రెండు వైపులా తిప్పి చూసుకున్నాను. ఏ వైపు తిప్పినా అదే మాట.

ఆ నోటుబుక్కు నా దగ్గరే వుంది. ఆ ఆరో రోజు గడిలో టిక్కు వుంది. మిగతా వాటి కంటే కాస్త పెద్దదిగానే పెట్టాను, జ్వరం తగ్గిందన్న సంతోషంతో.

ఆ తరువాత నేను ఎవరికీ ఫోను చెయ్యడం మానేశాను. గదిలో పడుకునేవాణ్ణి. నాలుగు రోజులు చూసి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఎలా వున్నారని అడిగితే ఎవరైనా బాగానే వున్నామనే అంటారురా. అది జవాబు కాదు, మర్యాద. ఏం కూర చేశారని అడుగు. వంకాయ అంటే లేచి తరిగారన్నమాట. పచ్చడి మెతుకులంటే లేవలేకపోయారన్నమాట. గుర్తు లేదంటే చెప్పులేసుకుని బయల్దేరు" అంది. అంతే. ఆవిడ చదువు అయిదో తరగతి.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నోటుబుక్కులో టిక్కులు లేవు, కూరలున్నాయి. బీరకాయ, దోసకాయపప్పు, నిన్నటి పులుసు. జ్వరం వచ్చినవాళ్ళని ఆరు నిమిషాలు గదిలో నడిచి ఆక్సీమీటరు పెట్టుకోమనేవాణ్ణి. నడిచాక అంకె పడిపోతే లోపల ఏదో జరుగుతోందని అర్థం. ఆ జూన్‌లో ఎదురింటి బాబాయిగారు "కూరా? ఏదో చేసింది మీ పిన్ని" అన్నారు. ఏదో ఏమిటని వెళ్ళి చూస్తే 90. వేళకు తీసుకెళ్ళాం, తిరిగొచ్చారు. ఇప్పటికీ నా మీద విసుక్కుంటూనే వుంటారు. పదిరోజుల ఆసుపత్రి బిల్లు నా వల్లే అయిందట.

కుట్టుమిషను అక్క ఇంటికి మాత్రం ఫోను చెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. ఒకరోజు ఆవిడే మా కొట్టు ముందు నిలబడి, నా వైపు చూడకుండా, అమ్మతో "మా ఇంట్లో గోంగూర, వాణ్ణి రాసుకోమను" అంది. రాసుకున్నాను.

మూలింటి మామ్మగారు మొదట్లో తెగ తిట్టేది. "రోజూ నా కూర సంగతి నీకెందుకురా, పెళ్ళి చేసుకుని నీ పెళ్ళాన్ని అడుగు" అనేది. తరువాత అలవాటు పడింది. ఒకరోజు ఫోను పెట్టేసిన పది నిమిషాలకు అమ్మకు ఫోను చేసిందట. "మీవాడి గొంతు బాగాలేదే, అన్నం తింటున్నాడా? మాష్టారు పోయిన దగ్గర్నుంచీ వాడు సరిగ్గా మాట్లాడటం లేదు, నువ్వు చూసుకోవడం లేదు" అని అమ్మనే నిలదీసిందట. అప్పటిదాకా నేనే అందర్నీ కనిపెట్టి చూస్తున్నాననుకునేవాణ్ణి.

ఇప్పుడావిడకు ఎనభై దాటి చాలా అయింది. చెవి సరిగ్గా వినపడదు. ఆదివారం పూట ఈ హాస్టలు వరండాలోంచి నేను ఫోను చేస్తే ఎవరు, ఏమిటి అని అడగదు. నేనింకా హలో అనకముందే, "దొండకాయ వేపుడు. నువ్వేం తిన్నావురా?" అంటుంది.